ఇరవై ఒక్క గేర్లూ, నా కుడి మోకాలూ

ఈ పుటలలో ఇంతకాలమూ ఛందస్సు గురించో, సామెతల గురించో వ్రాస్తూ వచ్చిన పంతులు ఇవాళ సైకిలు గొలుసు గురించి వ్రాయబోతున్నాడంటే మీకు నవ్వు రావచ్చు. వచ్చినా సరే, కాస్త ఓపిక పట్టి చదవండి. ఇది సరదాకు మొదలైన వ్యవహారం కాదు. నా కుడి మోకాలు మొదలుపెట్టిన వ్యవహారం.

నిరుడు వానాకాలంలో మోకాలు వాచింది. మెట్లు దిగుతుంటే లోపల ఇసుక నలిగినట్లు చప్పుడు. వైద్యుడు చిత్రాలు తీయించి చూసి, "ఇంకా కోతదాకా రాలేదు. మెట్లు తగ్గించండి, బాసింపట్టు వేసుకొని కూర్చోవడం మానండి, సైకిలు తొక్కగలిగితే తొక్కండి. కానీ భారంగా తొక్కవద్దు, తేలికగా ఎక్కువసార్లు తిప్పండి" అన్నాడు. మా అమ్మ చివరి ఆరేళ్ళూ మంచానికీ గుమ్మానికీ మధ్యనే గడిపింది. ఆమె మోకాళ్ళు పట్టుకొని లేచే దృశ్యం నా కళ్ళలో నుంచి పోలేదు. అందుచేత ఆ చివరి వాక్యాన్ని నేను వేదవాక్యంగా పట్టుకొన్నాను. తేలికగా, ఎక్కువసార్లు.

సైకిలు నాకు కొత్త కాదు. 1984లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉప్పల్ నుంచి మేడిపల్లి అవతల ఒక పల్లెలోని ఉన్నత పాఠశాలకు రోజూ సైకిలు మీదనే వెళ్ళివచ్చేవాణ్ణి. నల్లని అట్లాసు బండి. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 18. ఎదురుగాలి వీస్తే సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కడం, ఎత్తు మరీ ఎక్కువైతే దిగి నడిపించడం. మాకున్న గేర్లు ఆ రెండే. అదే సంవత్సరం జపానులో షిమానో కంపెనీవారు మీట నొక్కగానే 'టక్'మని ఒక్కొక్క పళ్ళచక్రం మీదికి గొలుసును కచ్చితంగా చేర్చే పద్ధతిని పందెం సైకిళ్ళలో ప్రవేశపెట్టారట. అంతకుముందు మీటను అందాజుగా జరిపి, గొలుసు చప్పుడు విని సర్దుకోవలసి వచ్చేది. నేను సంధులూ సమాసాలూ చెబుతూ తిరిగిన రోజుల్లో ప్రపంచంలో ఇంత జరిగిందని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు మేము ఉండేది నాచారంలో. మా మనుమడు తొమ్మిదో తరగతిలో పట్టుబట్టి కొనిపించుకొన్న కొండసైకిలు మెట్లకింద దుమ్ముపట్టి ఉంది. వాడు పై చదువుకని పుణె వెళ్ళాడు. ఫోనులో అడిగితే, "తొక్కుకో తాతయ్యా, దానికి ఇరవై ఒక్క గేర్లు!" అన్నాడు, ఏదో ఆస్తి అప్పగిస్తున్నట్లు. దుమ్ము దులిపి, గాలి కొట్టించి బయలుదేరాను.

మూడో రోజున పడ్డాను. హబ్సిగూడ నుంచి తార్నాక వైపు రోడ్డు ఎత్తుగా ఉంటుంది. బస్సులో కూర్చొని పోయేవారికి అది ఎత్తని కూడా తెలియదు. తెల్లవారుజామున మెట్రో స్తంభాల పక్కగా ఎక్కుతున్నాను. సగంలో మోకాలు 'నావల్ల కాదు' అన్నది. ముందున్న మూడు పళ్ళచక్రాల్లో చిన్నదానికి దించుదామని, బలంగా తొక్కుతూనే ఎడమచేతి మీటను తోశాను. గొలుసు చిన్నదాన్నీ దాటి లోపలికి, క్రాంకుకూ చట్రానికీ మధ్యకు జారి ఇరుక్కుపోయింది. కాలు గాలిలో తిరిగింది. ఎడమపక్కకు పడ్డాను. వెనక బండి ఏదీ లేకపోవడం నా పుణ్యం. తప్పు సైకిలుది కాదు, నాదే. గేరు మార్చేటప్పుడు కాలి ఒత్తిడి సడలించాలి, ఎత్తు రాకముందే మార్చుకోవాలి. గొలుసు బిగిసి ఉన్నప్పుడు దాన్ని పక్కకు తోయడమంటే, మోత బరువుతో ఉన్నవాణ్ణి పక్క నుంచి నెట్టడమే. కానీ ఈ జ్ఞానం మోచేతికి కట్టు కట్టించుకొన్న తరువాత వచ్చింది.

"ఇంక ఆ బండిని అమ్మేయండి" అన్నది మా ఆవిడ. కట్టు విప్పేదాకా నేను బదులు చెప్పలేదు.

ఆ వారం రోజుల్లో మా పాత సహోద్యోగి, లెక్కల మాస్టారు, చూడటానికి వచ్చారు. మేమిద్దరం ఒకప్పుడు శివరాత్రికి కలిసి కీసరగుట్ట దాకా సైకిళ్ళ మీద పోయినవాళ్ళమే. ఇప్పుడు ఆయన గుండెకు స్టెంటు వేశారు, తొక్కడానికి అనుమతి లేదు. "పండితులవారూ, ఇరవై ఒక్క గేర్లంటున్నారే, పళ్ళు లెక్కపెట్టారా?" అన్నారు. ఇద్దరం మెట్లకింద కూర్చొని సుద్దముక్కతో గుర్తుపెట్టుకొంటూ లెక్కపెట్టాం. ముందు 42, 34, 24. వెనక 14, 16, 18, 20, 22, 24, 28. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగిస్తే, పెడలు ఒక్క చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. ఆ సంఖ్య పెద్దదైతే వేగం, చిన్నదైతే సుఖం.

ఆయన కాగితం మీద ఇరవై ఒక్క భాగహారాలూ చేశారు. చేసి నవ్వారు. 42ను 28తో భాగిస్తే ఒకటిన్నర. 24ను 16తో భాగించినా ఒకటిన్నరే! 34ను 20తో భాగిస్తే 1.70, 24ను 14తో భాగిస్తే 1.71. ఈ తేడా ఏ మోకాలికి తెలుస్తుంది? 42ను 20తో, 34ను 16తో భాగించినా అదే కథ. పైగా ముందు పెద్దదానిమీదా వెనక పెద్దదానిమీదా ఒకేసారి గొలుసు వేస్తే అది ఏటవాలుగా లాగబడి అరుగుతుంది, అవి వాడరాదు. తీసివేతలన్నీ పోను పది, పన్నెండు మిగిలాయి.

నాకు ప్రస్తారం గుర్తుకు వచ్చింది. మూడక్షరాల గణాలకు ప్రస్తారం వేస్తే మగణం మొదలుకొని నగణం దాకా ఎనిమిదే వస్తాయి. కానీ ఆ ఎనిమిదింటిలో ఒక్కటి కూడా మరొకదానిలా ఉండదు. ఈ సైకిలు చేసినవారిది ప్రస్తారం కాదు, పునరుక్తి. అమ్మేటప్పుడు చెప్పుకోవడానికి పెద్ద సంఖ్య.

అసలు చూడవలసిన అంకె ఒక్కటే అని ఆ రోజు అర్థమయింది. అన్నిటికన్నా చిన్నది. నా బండిలో అది 24ను 28తో భాగిస్తే వచ్చే 0.86. అంటే పెడలు ఒక చుట్టుకు బండి సుమారు 1 మీటరు 76 సెంటీమీటర్లు పోతుంది. నా పాత అట్లాసు అదే చుట్టుకు దాదాపు ఐదున్నర మీటర్లు పోయేది! యౌవనం ఎంత దుబారా చేసిందో చూడండి.

తరువాతి వారం నగరంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు మర్యాదస్థుడు. "అంకుల్, ముందు మూడు చక్రాల కాలం పోయింది. ఇప్పుడు ముందు ఒకటే, వెనక పన్నెండు" అని చూపించాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో శ్రామ్ కంపెనీ 2012లో ముందు ఒకే చక్రం, వెనక పదకొండు ఉన్న సామగ్రిని కొండసైకిళ్ళకు తెచ్చిన తరువాత లోకమంతా అటే మళ్ళింది. ఎడమచేతి మీట అక్కరలేదు, ముందు గొలుసు జారే భయం బాగా తగ్గుతుంది. అతను చూపించిన షిమానో డియోరే బండిలో ముందు 32 పళ్ళు, వెనక చిన్నది 10, పెద్దది 51. భోజనం కంచమంత ఉంది. 32ను 51తో భాగిస్తే 0.63. నా మోకాలు లేచి నమస్కారం చేయవలసిన అంకె. ధర వింటే మాత్రం నా పింఛను కూర్చోబెట్టింది. గొలుసు తెగితే ఏం చేయాలని అడిగాను. "మా దగ్గరికి తీసుకురండి" అన్నాడు. నాచారం నుంచి అక్కడికి గొలుసు లేని బండిని తోసుకుపోవడం ఊహించుకొని, మంచినీళ్ళు త్రాగి వచ్చేశాను.

ఇక్కడొక చిన్న పిట్టకథ. టూర్ ద ఫ్రాన్స్ అనే పందాన్ని స్థాపించిన దెగ్రాంజ్ 1902లో, గేర్లు నలభై ఐదేళ్ళు దాటినవారికే తగినవని ఎద్దేవా చేశాడు. ఆ పందెంలో డిరేలియర్ వాడటానికి 1937 దాకా అనుమతి ఇవ్వలేదు. అంతవరకు రెండో పళ్ళచక్రం కావాలంటే దిగి, వెనక చక్రం విప్పి తిరగేసుకొనేవారు. నాకు అరవై ఆరు. ఆయన లెక్కన చూసినా నాకా అర్హత వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళయింది. గేర్ల సంఖ్యతో సరిపోయింది.

చివరికి సమస్యను తీర్చినవాడు నాచారంలోని పాత సైకిలు దుకాణం ఆయనే. పారిశ్రామికవాడకు పోయే కార్మికుల బండ్లు బాగుచేస్తూ ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. నా కాగితాన్ని ఆయన ముందు పెట్టాను. భాగహారాలు చూడలేదు. బండిని తలకిందులు చేసి, పెడలు తిప్పి, గొలుసును వేలితో ఎత్తి చూశాడు.

"సారు, ముంగటి మూడు పళ్ళు రివిట్లు కొట్టి ఉన్నయ్. ఒక్కటి మార్చస్తలేదు. మార్చాల్నంటే మొత్తం క్రాంకే మార్చాలె. గది వద్దు. ఎనకది మారుద్దాం."

వెనక ఉన్నది మరతో హబ్బుకు బిగించే ఫ్రీవీలు. దానిలోనే పెద్దది 34 పళ్ళు ఉన్న రకం దొరుకుతుందట. తెప్పించాడు. చూస్తే మిగిలిన ఆరూ పాతవాటిలాగే 14 నుంచి 24 దాకా వరుసగా ఉన్నాయి, ఏడోది మాత్రం ఒక్కసారిగా 34కు దూకింది. యతి తప్పిన పద్యంలా అక్కడొక కుదుపు ఉంటుంది. దాన్నే కంపెనీవారు మెగారేంజి అంటారు. 24ను 34తో భాగిస్తే 0.71. పెడలు ఒక చుట్టుకు 1 మీటరు 45 సెంటీమీటర్లు. భారం ఆరోవంతుకు పైగా తగ్గింది. కంచమంత చక్రం బండి 0.63కు నా 0.71 ఏమంత దూరంలో లేదు.

పాత ఫ్రీవీలును ఊడదీయడం చూడవలసిన దృశ్యం. తొమ్మిదేళ్ళుగా తొక్కిన ప్రతి తొక్కుడూ దాన్ని ఇంకా బిగిస్తూనే వచ్చింది. దాని పళ్ళ మధ్యలోకి దిగే పనిముట్టును బల్లకున్న వైసులో నిటారుగా బిగించి, దానిమీద చక్రాన్ని బోర్లించి, రెండు చేతులతో బస్సు స్టీరింగులా పట్టుకొని తిప్పాడు. కదలలేదు. కిరోసిను పోసి టీ త్రాగాం. మళ్ళీ పట్టాడు. తుపాకీ పేలినట్లు చప్పుడై ఊడింది. పక్క పాన్ డబ్బా ఆయన ఉలిక్కిపడ్డాడు.

గొలుసు కూడా మార్చక తప్పలేదు. పాత గొలుసు సాగి ఉంటుంది, కొత్త పళ్ళ మీద కూర్చోక జారుతుంది. 34 పళ్ళకు అది చాలదు కూడా. కొత్త గొలుసును ముందు పెద్దదాని మీదా వెనక పెద్దదాని మీదా చుట్టి, మరి రెండు లింకులు కలిపి కత్తిరించాడు. వెనక డిరేలియర్‌కు రెండు చిన్న మరలుంటాయి. గొలుసు ఇటు స్పోకుల్లోకి, అటు చట్రం మీదికి పడకుండా హద్దులు పెట్టేవి అవే. మూడో మర పైచక్రాన్ని పెద్ద పళ్ళకు తగలకుండా వెనక్కు లాగేది. ఈ మూడింటినీ ఆయన చెవితో సర్దాడు. పెడలు తిప్పడం, వినడం, పావు చుట్టు మర తిప్పడం. మా గురువుగారు పద్యం చదివించి గణభంగాన్ని చెవితోనే పట్టేవారు. అంతకన్నా ఎక్కువ చెప్పను.

ఫ్రీవీలు, గొలుసు, కూలి అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. మెలితిప్పే గేరు పిడి బదులు బొటనవేలితో నొక్కే మీట వేయించుకొందామా అని అడిగాను. ఎండాకాలంలో చెమటచేతికి పిడి జారుతుందని నా భయం. "కుడిచేతిది మారుస్త. ఎడమది గట్లనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. ఆ తరువాత చెప్పిన మాట నేను నోటుపుస్తకంలో వ్రాసుకొన్నాను:

"గా ఎడమచేతిదాన్ని దినాం ముట్టకుండ్రి సారు. ఊర్ల ఉన్నన్ని దినాలు నడిమిదాని మీదనే ఉండనియ్యుండ్రి. గుట్ట కాడికి వొయ్యినంక, ఎక్కకముందే, జర మెల్లగ తొక్కుకుంట చిన్నదానికి దించుండ్రి. దిగినంక మల్ల ఎక్కియ్యుండ్రి. పెద్దది లేదనుకోండ్రి."

ఇంటికి వచ్చి లెక్కల మాస్టారికి ఫోను చేస్తే ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మధ్యదాని మీద మీ అత్యధికం ఎంతో తెలుసునా? 34ను 14తో భాగించండి. 2.43. మీ అట్లాసు 44ను 18తో భాగించండి. 2.44" అన్నారు. అంటే ఊళ్ళో నా అతి భారమైన గేరు, ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకున్న ఒకే ఒక్క గేరు. దానికి దిగువన ఉన్నవన్నీ వయసుకు ఇచ్చిన రాయితీలు.

ఈ యంత్రభాగాలకు తెలుగు మాటల కోసం కొన్నాళ్ళు నిఘంటువులు తిరగేశాను. మనవాళ్ళకు కొత్త మాటలు పుట్టించే సరదా ఎక్కువ కదా! డిరేలియర్ అనే ఫ్రెంచి మాటకు పట్టాలు తప్పించేది అని అర్థం. 'గొలుసుమళ్ళింపు' అని ఒకటి కట్టి, దుకాణంలో ప్రయోగించాను. ఆయన మర్యాదగా విని, "గేరేనా సారు?" అన్నాడు. ఆయనకు ముందుదీ గేరే, వెనకదీ గేరే, మీటా గేరే. ఏది చెడిందో మాత్రం ఎన్నడూ పొరపడలేదు. నా మాటను వాపసు తీసుకొన్నాను.

మూడు నెలలు నాచారం, మల్లాపూర్ వీధుల్లోనే తిరిగాను. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు నా పాత బడి దారి పట్టలేదు. 2018లో మొదలైన పైవంతెన పని ఏళ్ళ తరబడి సాగి, ఆ దారిలో గుంతలు తప్పించుకోవడమే ఒక విద్య అయింది. మోకాలి వాపు తగ్గింది. చప్పుడు తగ్గలేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానాను. మా ఆవిడ అది గమనించి కూడా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమంటే ఏమిటో నలభై ఏళ్ళ కాపురం చేసినవాడికి తెలుసు.

కార్తీకంలో ఒక ఆదివారం కీసరగుట్టకు బయలుదేరాను. ఈసీఐఎల్, నాగారం మీదుగా ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. లెక్కల మాస్టారు ఆటోలో వచ్చి గుట్ట కింద కూర్చొన్నారు. చెప్పినట్లే, ఎక్కకముందే ఎడమ మీట దించాను. గొలుసు మెత్తగా చిన్నదానిమీదికి దిగింది. వెనక 20, 22, 24. రోడ్డు నిటారయ్యే మలుపు దగ్గర, ఒక అర చుట్టు కాలు సడలించి, నొక్కాను. 24 నుంచి 34కు ఆ కుదుపు వచ్చింది. ఒక్కసారిగా కాళ్ళకింద భారం మాయమై, చక్రం ఉన్నదా లేదా అనిపించింది. నిమిషానికి అరవై చుట్లు తిప్పితే గంటకు ఐదు కిలోమీటర్ల పైచిలుకు, అంటే నడక వేగమే. మెట్లదారిన పోయే భక్తులు నాకన్నా ముందు చేరి ఉంటారు. చేరనివ్వండి.

పై మలుపులో ఒకచోట దిగాను. మోకాలు కాదు, ఊపిరి. ఐదు నిమిషాలు నిలబడి మళ్ళీ ఎక్కాను. ఎత్తు మీద సైకిలు ఎక్కి బయలుదేరడం కూడా ఆ చిన్న గేరు ఉన్నందువల్లనే సాధ్యమయింది.

రామలింగేశ్వరుడి దర్శనం చేసుకొని బయట కూర్చొన్నప్పుడు ఆ గుట్ట మీది శాసనం గుర్తుకు వచ్చింది. విష్ణుకుండినుల కాలంలో ఒక బండరాతి మీద 'తొలుచువాన్ఱు' అని చెక్కారు. రాయి తొలిచేవాళ్ళు అని అర్థం. పదిహేను వందల ఏళ్ళ నాటి తెలుగు మాట. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, పనివాళ్ళ పేరు. మా విద్యార్థులకు శకటరేఫం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు ఆ మాటను నల్లబల్ల మీద వ్రాశాను. ఆ రోజు మాత్రం నాకు నాచారం దుకాణంలో వైసు మీద చక్రం తిప్పిన చేతులు కనబడ్డాయి.

దిగేటప్పుడు రెండు బ్రేకులూ పట్టుకొని మెల్లగా దిగాను. కింద లెక్కల మాస్టారు గడియారం చూసుకొంటూ, "ఇరవై మూడు నిమిషాలు. ఆగినదానితో కలిపి" అన్నారు. ఆయన కాసేపు బండిని పట్టుకొని నిలబడ్డారు. ఎక్కలేదు. వెనక పెద్ద చక్రం పళ్ళను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "ముప్పై నాలుగే" అని ఇచ్చేశారు.

మర్నాడు దుకాణం ముందు ఆగితే ఆయన అడిగాడు:

"ఎక్కినరా సారు?"

"ఎక్కాను. ఒక్కచోట దిగాను."

ఆయన గొలుసును వేలితో తాకి, ఆ వేలిని చూసుకొన్నాడు. "దుమ్ము వట్టింది. తుడిచినంకనే నూనె వెయ్యుండ్రి. గట్లనే పోస్తే పళ్ళు తింటది" అన్నాడు.